మా ఇంటికి అడ్రసు లేదట!

ఈ రోజుల్లో ఎవరింటికి వెళ్ళినా ముందుగదిలో గోడకి ఓ చిన్న డబ్బా వేలాడుతూ కనిపిస్తుంది. రెండో నాలుగో కొమ్ములు పైకి నిక్కబొడుచుకుని, పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దేవుడి దగ్గర దీపం కొండెక్కితే ఇల్లాలు ఒక్కతే లేచి వెళ్ళి నూనె పోస్తుంది. ఈ డబ్బాలో దీపం ఎర్రబడితే మాత్రం ఇంటిల్లిపాదీ లేచి నిలబడతారు! పిల్లల చదువు, మగవాళ్ళ క్రికెట్టు, పెద్దవాళ్ళ సీరియళ్ళు, నాలాంటివాళ్ళ రాతప్రతులు పత్రికాఫీసుకి చేరే దారి, అన్నీ అందులోంచే మరి. దీన్ని రౌటరు అంటారు. మా అమ్మ మాత్రం "నెట్టు డబ్బా" అంటుంది. అంతకంటే మంచి తెలుగు మాట నాకూ తోచలేదు.

చరిత్రా తెలుగూ చదివి బి.ఏ. పట్టా పుచ్చుకున్న మనిషికి ఈ డబ్బాతో ఏం పని అంటారేమో. కానీ చూడండి, కుక్కరు గాస్కెట్టు మార్చేది ఎవరు? గ్యాసు సిలిండరుకి రెగ్యులేటరు బిగించేది ఎవరు? ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు తగ్గాయని ముందుగా కనిపెట్టేది ఎవరు? ఇంట్లో ఉన్న వస్తువు ఏదైనా సరే, చివరికి దాని గుణం తెలుసుకోవలసింది మనమే. ఈ డబ్బా గుణం కూడా అలాగే తెలుసుకోవలసి వచ్చింది. తెలుసుకున్నాక ఇందులో లెక్కలకంటే కథే ఎక్కువ ఉందనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది ఏన్కూరు. ఖమ్మంలో కొత్తగూడెం బస్సెక్కితే వైరా, తల్లాడ దాటాక వస్తుంది. ఇంకా ముందుకెళితే జూలూరుపాడు, ఆ తర్వాత కొత్తగూడెం బొగ్గు గనులు, ఇంకా పైకి భద్రాద్రి రాముడు. ఒకపక్క మిరపచేలూ పత్తిచేలూ, ఇంకోపక్క అడవి. నా పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఈ ఊళ్ళోనే. నడిస్తే పది నిమిషాలు. అయితే చిత్రమేమిటంటే, ఊరు మారకపోయినా నా అడ్రసు మాత్రం మారింది! పెళ్ళికి ముందు నాకు వచ్చే ఉత్తరాల మీద నా పేరు కింద "కేరాఫ్" అని మా నాన్నగారి పేరుండేది. పెళ్ళయ్యాక అదే పోస్ట్‌మన్, అదే సైకిలు మీద తెచ్చిన ఉత్తరాల మీద "కేరాఫ్" అని మావారి పేరు. నా మొదటి కథ అచ్చయినప్పుడు పత్రికవాళ్ళు పంపిన కవరు మీదా అంతే. ఇది ఫిర్యాదు కాదు సుమండీ. అప్పట్లో అందరికీ అంతే. కానీ ఈ "కేరాఫ్" అనే మాటతో ముందు ముందు మనకి పని ఉంది.

మా చెల్లెలి కాపురం డల్లాస్‌లో. వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు. మావాడు ఇంటరు రెండో సంవత్సరం. అక్కచెల్లెళ్ళ పిల్లలు, వరసకి అన్నదమ్ములు. అయినా పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ కలిసి ఉన్నది మొత్తం మీద రెండు వేసవి సెలవులు. ఫోనులో మాట్లాడుకోండిరా అంటే "బాగున్నావా?" "ఆఁ, బాగున్నా" అయిపోయాక ఇద్దరికీ మాటలు దొరకవు. ఒకడి తెలుగు ఒకడికి నవ్వు, ఒకడి ఇంగ్లీషు ఇంకొకడికి తిప్పలు. అలాంటివాళ్ళని కలిపింది ఓ ఆట. పేరు మైన్‌క్రాఫ్ట్.

ఆటలంటే మనకి భయమే. కాల్చుకోవడాలూ పొడుచుకోవడాలూ ఉంటాయేమోనని పక్కన కూర్చుని చూశాను. ఇందులోనూ దెయ్యాలూ కత్తులూ కొంచెం ఉన్నాయి గానీ, అసలు పని అంతా మట్టి దిమ్మెలు, రాతి దిమ్మెలు, చెక్క దిమ్మెలు పేర్చి ఇల్లు కట్టుకోవడమే. చిన్నప్పుడు ఇసకలో కాలుపెట్టి పిచ్చుకగూళ్ళు కట్టేవాళ్ళం చూశారూ, అదే. స్వీడన్‌లో పుట్టిన ఈ ఆట 2011లో పూర్తిరూపంలో విడుదలైందట. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ 250 కోట్ల డాలర్లు పోసి ఆ ఆట తయారుచేసిన సంస్థని కొనేసింది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయని ప్రకటించారు. ముప్ఫై కోట్లు! నా నవల వెయ్యి ప్రతులు అమ్ముడుపోతే మా ప్రచురణకర్త నాకు ఫోను చేసి మరీ చెప్తాడు.

ఇక మావాడు కట్టినది ఏ రాజుగారి కోటో కాదు. మా నాన్నగారి పెంకుటిల్లు. ముందు వసారా, మధ్య గది, వడ్లకొట్టు, పెరట్లో బావి, బావి పక్కన కాళ్ళు కడుక్కునే గాబు, గోడవారన వేపచెట్టు. అయిదేళ్ళ కిందట మా తమ్ముడు ఆ ఇల్లు పడగొట్టి డాబా వేశాడు. కూలిపోయే ఇల్లు, వెయ్యక తప్పలేదు. అప్పటినుంచీ అమ్మ నా దగ్గరే ఎక్కువగా ఉంటోంది. సాయంత్రాలు మనవడి పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మేస్త్రీ పని చేయించేది. "గాబు అటు కాదురా, ఇటు. వసారాకి మూడు మెట్లు కాదు, రెండే. కొట్టు గది తలుపు తూర్పుకి." ఫోటోలు నాలుగే ఉన్నాయి మా దగ్గర. మిగిలిన ఇల్లంతా అమ్మ నోట్లోంచి వచ్చింది. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ ఇంటి కొలతలు ఇంకెవరికీ తెలియవు.

డల్లాస్ చిన్నవాడికి ఆ ఇల్లు లీలగా గుర్తుందట. ఆరేళ్ళప్పుడు చూశాడు. బావి గిలక చప్పుడు ఒక్కటీ బాగా గుర్తుందట. "అన్నా, నేనూ వచ్చి కడతా" అన్నాడు. సరే, రావాలంటే ఎలా? ఆ ఇల్లు ఉన్నది ఏన్కూర్లో మావాడి కంప్యూటర్లో. బయటివాళ్ళని రానిచ్చి, అందరినీ ఒకే లోకంలో తిప్పే ప్రోగ్రాముని సర్వరు అంటారు. దాన్ని మావాడు మా ఇంట్లోనే పెట్టాడు. వాళ్ళకి శనివారం రాత్రి తొమ్మిదిన్నర, మనకి ఆదివారం పొద్దున్న ఎనిమిది. అదీ ముహూర్తం. మొదటి ఆదివారం చిన్నవాడు తలుపు తట్టాడు. రాలేదు. రెండో ఆదివారం తట్టాడు. రాలేదు. ప్రతిసారీ ఒకటే జవాబు, ఎదురుచూసి చూసి వేళ మించిపోయిందని.

ఇక్కడ ఓ చిన్న తేడా ఉంది. తలుపు దాకా వెళితే, లోపల మనిషి లేకపోతే, "కుదరదు పొమ్మన్నారు" అని ఒకలాంటి జవాబు వస్తుంది. తలుపు దాకా వెళ్ళనే వెళ్ళకపోతే, లేదా నడుమ ఎవరైనా మింగేస్తే, ఉలుకూ పలుకూ ఉండదు. వేళ మించిపోవడమే. మావాడికి వచ్చింది రెండోది. పొమ్మన్నవాడిని బతిమాలుకోవచ్చు. పలకనివాడిని ఏం చేస్తాం?

ముందు ఇంట్లో చూసుకోవాలి కదా. మావారి లాప్‌టాప్ అదే వైఫైలో పెట్టి తడితే తలుపు వెంటనే తెరుచుకుంది. అంటే సర్వరు బాగానే ఉంది. లోపం గుమ్మం దగ్గర.

గుమ్మం సంగతి చెప్పాలంటే నాకు మా మేనత్త గుర్తొస్తుంది. పగలంతా వసారాలో వాల్చిన మంచం మీద కూర్చునేది. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా, ఎక్కడికి, ఏ పని మీద అని గుర్తుపెట్టుకునేది. మనం కబురు పంపినవాడు జవాబు పట్టుకొస్తే "వెళ్ళు నాయనా, పెద్దది వంటింట్లో ఉంది" అని సరిగ్గా ఆ మనిషి దగ్గరికే పంపేది. పిలవకుండా వచ్చినవాడికి మాత్రం గడియ తీసేది కాదు. రౌటరు అచ్చం మా మేనత్తే. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కంప్యూటరు అన్నిటికీ బయట లోకానికి ఉన్న నంబరు ఒక్కటే, అది అత్తది. ఇంట్లో వాటికి అత్త విడిగా ముద్దుపేర్లు పెట్టుకుంటుంది. 192.168తో మొదలయ్యేవి అలాంటి పేర్లే. ఇలా లోపల్లోపల వాడుకోమని 1990లలోనే కేటాయించారు. మా ఇంట్లో ఆ నంబరు ఉంటే మీ ఇంట్లోనూ అదే ఉండొచ్చు. ప్రతి ఇంట్లోనూ ఓ బుజ్జి ఉన్నట్టు! వీధిలో నిలబడి "బుజ్జీ" అని కేకేస్తే ఏ బుజ్జి పలుకుతుంది చెప్పండి?

అందుకని అత్తకి ముందే చెప్పి ఉంచాలి. "అత్తా, ఆదివారం ఫలానా తలుపు నంబరు అడుగుతూ ఒకడు వస్తాడు. వాణ్ణి అబ్బాయి గదిలోకి పంపు" అని. తలుపు నంబర్లు 65,535 దాకా ఉంటాయి. మైన్‌క్రాఫ్ట్ జావా ఆటది మామూలుగా 25565. ఇలా చెప్పి ఉంచడాన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. రౌటరు లోపలి పేజీ తెరిచి, డబ్బా కింద అంటించిన కాగితం మీద ఉన్న పాస్‌వర్డ్ కొట్టి, మావాడు ఆ మాట చెప్పాడు. చెప్పినా చిన్నవాడు రాలేదు.

అప్పుడు మొదలైంది వెతుకులాట. మా ఊళ్ళో కరెంటు పోవడం, రావడం మామూలే. పోయి వచ్చినప్పుడల్లా అత్త ఇంట్లోవాళ్ళ పేర్లు మళ్ళీ కొత్తగా పెడుతోంది! నిన్న 20 అన్న కంప్యూటరు ఇవాళ 23. అత్త మాత్రం వచ్చినవాణ్ణి ఇంకా 20 దగ్గరికే పంపుతోంది. ఆ కంప్యూటరుకి ఎప్పుడూ ఒకే నంబరు ఇవ్వమని రౌటర్లో గట్టిగా రాసిపెట్టాల్సి వచ్చింది. తర్వాత కంప్యూటర్లో ఉన్న కాపలా. ఫైర్‌వాల్ అంటారు దాన్ని. అత్త పంపినా గది తలుపు దగ్గర వీడు ఆపేస్తాడు. వాడికీ చెప్పారు. ఇక పరీక్ష చేసేటప్పుడు ఇంట్లో కూర్చుని మన బయటి నంబరుని మనమే పిలిస్తే కొన్ని డబ్బాలు తికమకపడతాయట. ఇంట్లోంచే మన ఇంటి తలుపు బయటినుంచి తట్టినట్టు కదా మరి. అందుకని మావారి ఫోనులో వైఫై కట్టేసి, సెల్ డేటాతో, వీధి అరుగు మీద నిలబడి తట్టారు. లెక్కల మాస్టారు వీధిలో నిలబడి ఫోనుతో ఇంటి తలుపు తడుతుంటే పొరుగింటి ఇల్లాలు "తాళంచెవి పోయిందా అన్నయ్యగారూ?" అని అడగనే అడిగింది.

ఇన్ని చేసినా అదే మౌనం. నెట్టు కంపెనీ వాళ్ళ ఫోను నంబరుకి మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకటే మంత్రం. డబ్బా ఆపి, పది నిమిషాలాగి, మళ్ళీ వెయ్యండని.

నాకు ప్రూఫులు దిద్దే అలవాటు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడటం. ఆ రాత్రి కేలెండరు వెనకాల రెండు నంబర్లు రాయించాను. ఒకటి, రౌటరు "బయట నా నంబరు ఇదీ" అని తన పేజీలో చెప్పుకునేది. రెండోది, బయటి లోకం మమ్మల్ని చూసి "మీ నంబరు ఇదీ" అని చెప్పేది. రెండూ ఒకటే కావాలి కదా? కావు! అసలు పోలికే లేదు. రౌటరు చెప్పుకుంటున్నది 100తో మొదలవుతోంది, దాని పక్కన 72. మావాడు ఆ నంబరు చూసి తలపట్టుకున్నాడు.

మర్నాడు కోతులు తెంపిన తీగ అతకడానికి వచ్చిన నెట్టు కుర్రాణ్ణి అడిగితే అసలు సంగతి బయటపడింది.

"మీకు సొంత నంబరు లేదక్కా" అన్నాడు నిచ్చెన మీంచే. "మీ వీధి వీధంతా ఒక్క నంబరు మీదనే బయటికి పోతది. పోవుడు పోతది గాని, లోపలికి ఎవరూ రాలేరు. మీ డబ్బాలో ఎన్ని రాసుకున్నా అంతే."

అంటే మా గుమ్మంలో మేనత్త ఒక్కతే కాదన్నమాట. ఊరి పొలిమేరలో ఇంకో పెద్దత్త కూర్చుని ఉంది. ఆవిడ కంపెనీ మనిషి. మన మేనత్తకి మనం చెప్పిన మాట ఆ పెద్దత్త చెవిన పడనే లేదు. డల్లాస్ చిన్నవాడు ఇన్ని ఆదివారాలూ పొలిమేరలోనే నిలబడి తిరిగి వెళ్ళిపోతున్నాడు!

"ఇంతకీ మన ఇంటికి అడ్రసు లేదనేగా వాడు చెప్పింది?" అంది అమ్మ. అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. మా ఇల్లు లోకానికి "కేరాఫ్ కంపెనీ". మనం ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఏదైనా చూడొచ్చు, కొనొచ్చు. ఎవరైనా మన పేరు పెట్టి మన ఇంటికి రావాలంటే మాత్రం దారి లేదు.

ఎందుకిలా అని తవ్వితే చరిత్ర విద్యార్థికి తగ్గ కథే దొరికింది. ఈ నంబర్ల పద్ధతి 1981లో స్థిరపరిచారు. మొత్తం నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అప్పట్లో కంప్యూటర్లు విశ్వవిద్యాలయాల్లోనూ పెద్ద ఆఫీసుల్లోనూ ఉండేవి. తరతరాలు కూర్చుని తిన్నా తరగవనుకున్నారు. ముందొచ్చినవాళ్ళకి విస్తళ్ళ నిండా వడ్డించారు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే ఒక్క విద్యాసంస్థ చేతిలోనే 1 కోటి 67 లక్షల నంబర్లుండేవి. చాలామటుకు వాడనే లేదు, 2017లో కొన్ని అమ్ముకుంది. 2011 ఫిబ్రవరి 3న లోకం మొత్తానికి నంబర్లు పంచే కేంద్ర ఖజానా ఖాళీ అయింది. ఆ ఏప్రిల్‌లో మన ఆసియా వాటా కూడా అడుగంటింది. సరిగ్గా ఆ 2011 జనాభా లెక్కల్లోనే మనం 121 కోట్లమని తేలింది. విందుకి మనం ఆఖరి పంక్తిలో వచ్చాం మరి. గిన్నెలో మిగిలింది కొంచెం. అందుకని కంపెనీలు వందల ఇళ్ళని ఒక్కో నంబరు కింద కూర్చోబెట్టాయి. ఆ సర్దుబాటు కోసమే 2012లో 100.64 నుంచి 100.127 దాకా, సుమారు 42 లక్షల నంబర్లు విడిగా తీసిపెట్టారు. మా 72 అందులోదే.

మీ ఇంట్లోనూ పిల్లలు ఇలాంటి ఆటకో, బయటినుంచి ఇంటి కెమెరా చూసుకోడానికో తంటాలు పడుతుంటే, అన్నిటికంటే ముందు ఈ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడమనండి. రెండూ ఒకటైతే లోపం మీ ఇంట్లో ఉంది, వెతికితే దొరుకుతుంది. వేరైతే ఇంట్లో ఎంత వెతికినా దొరకదు.

దారులు లేకపోలేదు. మొదటిది డల్లాస్‌నుంచే వచ్చింది. మా చెల్లెలి ఇంటికి సొంత నంబరు ఉంది. "ఆ ఇల్లంతా ఒక ఫైలే కదక్కా, మాకు పంపెయ్యి. ఇక్కడ పెడతాం. మీరే ఇక్కడికి రండి" అంది. సులువైన మాటే, ఖర్చు లేదు. మావారు కూడా తలూపారు. మావాడు మాత్రం ఏమీ అనకుండా తెరవైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అంది, "పిల్లలు వెళ్ళారు. ఇప్పుడు ఇల్లు కూడా అమెరికా వెళ్ళిపోతుందటే?"

ఎవరం జవాబు చెప్పలేదు.

ఇంకా ఉన్నాయి. నెలకింత అని అద్దె కట్టి వేరే ఎక్కడో సర్వరు పెట్టుకోవచ్చు. లేదా నడుమ ఇంకొకరి దారి వాడుకునే ప్రోగ్రాములున్నాయి. మనం లోపలినుంచి వెళ్ళి వాళ్ళ చావడిలో కూర్చుంటాం, చిన్నవాడూ అక్కడికే వస్తాడు. పైసా లేకుండా పని జరిగేవీ ఉన్నాయి. తొందరగా ఆడుకోవాలంటే అదే మేలు. ఇక అసలు శాశ్వత పరిష్కారం వేరే ఉంది. నంబర్లు తరిగిపోతాయని ముందే తెలిసి, ఎంతమందికి పంచినా తరగని కొత్త వరస ఒకటి తయారుచేశారు. ఐపీవీ6 అంటారు. 2012 జూన్ 6న దాన్ని లోకమంతటా శాశ్వతంగా అమల్లో పెట్టే పని మొదలైంది. 2016లో జియో వచ్చాక మన దేశం ఈ విషయంలో ముందు వరుసలోకి వచ్చేసింది. పాత పంక్తిలో ఆఖరున కూర్చున్నవాళ్ళం కొత్త పంక్తిలో ముందున్నాం! మా ఫోన్లలో అది ఉంది. మా ఇంటి తీగ మీద మాత్రం ఇంకా ఇవ్వలేదు.

చివరికి మిగిలింది కంపెనీని అడిగి సొంత నంబరు పుచ్చుకోవడం. నెలకి 200 రూపాయలు అదనం అన్నాడు నెట్టు కుర్రాడు. "ఆటకోసం నెలకి రెండొందలా!" అన్నారు మావారు. ఆయన తప్పేం లేదు, మాస్టారి జీతంలో ప్రతి రూపాయికీ ఓ పద్దు ఉంటుంది. "ఆటకోసం కాదండీ, అడ్రసు కోసం. నా నవల డబ్బుల్లోంచి నేను కడతాను" అన్నాను. కుర్రాడు ఓ కాగితం ఇచ్చాడు. కనెక్షన్ ఎవరి పేరున ఉండాలో రాయమన్నాడు. పేరు గడిలో నా పేరు రాశాను. కింద "కేరాఫ్" అని ఓ గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాను. మావారు చూశారు. చూసి, పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆయన మంచితనం అలా ఉంటుంది.

సొంత అడ్రసు వచ్చిందంటే అంతా సుఖమే అనుకోకండి. అతిథికి దొరికిన అడ్రసు దొంగకీ దొరుకుతుంది. తెరిచిన తలుపు ఏదైనా ఉందా అని లోకంలో ఎక్కడెక్కడి యంత్రాలో రాత్రీ పగలూ ఇళ్ళన్నీ తట్టి చూస్తూనే ఉంటాయట. 2021 డిసెంబరులో ఈ మైన్‌క్రాఫ్ట్‌లోనే ఓ పెద్ద లోపం బయటపడింది. మాటలాడుకునే చోట ఓ వంకర వాక్యం టైపు చేస్తే చాలు, ఎదుటి సర్వరు వాళ్ళ చేతికి చిక్కేదట. ఆ లోపం ఆటది కూడా కాదు, ఆట లోపల దినచర్య రాసుకునే లాగ్4జే అనే చిన్న పనిముట్టుది. అదే పనిముట్టు లోకంలో ఎన్నో కంపెనీల్లో ఉండటంతో అందరికీ గుండెలు జారాయి. వెంటనే దిద్దారనుకోండి. అందుకే మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టాను. డబ్బా కింద కాగితం మీదున్న పాస్‌వర్డ్ మార్చేయాలి. తలుపు ఒక్కటే తెరవాలి, ఆ 25565 తప్ప ఇంకోటి తెరవకూడదు. డబ్బా లోపలి పేజీ బయటివాళ్ళకి కనిపించకూడదు. సర్వరుకి కొత్త దిద్దుబాట్లు రాగానే వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, పేర్ల జాబితా. ఆటలో అలాంటి సదుపాయం ఉంది. జాబితాలో పేరున్నవాళ్ళనే రానిస్తుంది. మా జాబితాలో రెండే పేర్లు, అన్నదీ తమ్ముడిదీ. మూడోది అమ్మ పేరు రాయమని మావాడు గొడవ చేశాడు. "నాకెందుకురా, నేను ఎప్పుడూ అక్కడే ఉంటాగా" అంది అమ్మ.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం కరెంటు ఉంది. కోతులు లేవు. రౌటరు చెప్పుకునే నంబరూ, లోకం చెప్పే నంబరూ అంకె అంకెకీ కలిశాయి. ఎనిమిదింటికి కాఫీ గ్లాసులతో అందరం కంప్యూటరు చుట్టూ చేరాం. ఫోను స్పీకర్లో డల్లాస్ నుంచి చిన్నవాడి ఊపిరి కూడా వినిపిస్తోంది. తెరమీద వాళ్ళ పేరు పడింది, ఫలానావారు వచ్చారని. మరుక్షణంలో వేపచెట్టు కింద దిమ్మెల కాళ్ళూ దిమ్మెల చేతులూ ఉన్న ఓ బొమ్మ నిలబడి అటూ ఇటూ చూస్తోంది.

"అన్నా, ఇదేనా! అమ్మమ్మ ఇల్లు ఇదేనా!" అంటూ చిన్నవాడు రెండు మెట్లూ ఒక్క దూకులో ఎక్కి వసారాలోకి వచ్చేశాడు.

"ఆగు ఆగు!" అంది అమ్మ, కుర్చీలోంచి సగం లేచి. "బయటినుంచి వచ్చి అలాగే లోపలికి వెళ్ళిపోవడమేనా? గాబు దగ్గర కాళ్ళు కడుక్కుని రా!"

ఫోనులో ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత తెరమీద ఆ బొమ్మ వెనక్కి తిరిగి, రెండు మెట్లూ దిగి, వేపచెట్టు పక్కనుంచి నడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళి, గాబులోని నీలంరంగు నీళ్ళలో బుద్ధిగా నిలబడింది.